ఒడిలో స్పర్శ లేని చోటు

ఎదురుగా కూర్చున్న లింగేశ్వరికి ఏం చెప్పి పంపాలో మత్తు డాక్టరు వినీల్‌కి తోచడం లేదు. పద్నాలుగు నెలల కింద ఆమె కాన్పుకి నడుములో ఎపిడ్యూరల్ సూది వేసింది తనే. నొప్పి తెలియకుండా కొడుకు పుట్టాడు. అప్పటినుంచి కుడి తొడ మొద్దుబారిందని ఆమె రావడం ఇది మూడోసారి. స్కానింగ్‌లో ఏమీ లేదు. ఆమెది భ్రమేమోనని అతని అనుమానం.

గురువు ఖుర్షీద్ బేగంతో ఆ మాటే మెల్లగా అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా మత్తు వైద్యం నేర్పుతున్న మనిషి ఆవిడ. లింగేశ్వరిని అడిగి తెర లాగింది. దూది పోగు, పెన్ను తీసుకుని ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"కళ్లు మూసుకోమ్మా. దూది తగిలినప్పుడల్లా ఊ అను."

మోకాలి దగ్గర, "ఊ." ఇంకాస్త పైన, "ఊ." ఆ పైన మాట లేదు. అక్కడొక చుక్క పెట్టింది. అన్ని వైపుల నుంచీ అలాగే వచ్చి చుక్కలు కలిపితే, తొడ మీద అరచేయంత చోటు తేలింది. మళ్లీ మొదటినుంచి చూసింది. ఒక్క చుక్కా జరగలేదు. భ్రమైతే హద్దు ఇలా నిలవదని వినీల్‌కి అర్థమైంది.

బెంచీ మీద నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఆవిడ ఎత్తుకుంది. బరువు తన చేతుల మీదే ఉంచుకుని, వాడి చెంపను ఆ గీత లోపల తేలిగ్గా ఆనించింది. తల్లి ముఖంలో ఏ కదలికా లేదు. నాలుగు వేళ్ల మేర పక్కకి జరిపింది.

లింగేశ్వరి కళ్లు మూసుకునే నవ్వింది. "వచ్చాడా?"

సూది వల్లో, నొప్పి తెలియక గంటలకొద్దీ కాళ్లు ఒకే తీరున ఉంచడం వల్లో నరం దెబ్బతిని ఉండొచ్చనీ, నరాల పరీక్ష చేయిద్దామనీ ఆవిడ చెప్పింది. చాలామందికి తగ్గుతుందనీ, ఆమెకి ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేననీ కూడా దాచకుండా చెప్పింది. లేచి, దూది పోగు వినీల్ చేతిలో పెట్టింది.

"మిగతాది నువ్వు అడుగు."

వినీల్ నేల మీద కూర్చున్నాడు. "ఇంట్లో ఎలా ఉంటోందమ్మా?"

"వీడు ఇక్కడ తల ఆనించుకుని నిలబడతాడు సార్. చూస్తేగానీ నాకు తెలీదు. మూడుసార్లూ ఈ మాట చెబుదామనే వచ్చాను."

వినీల్ లేవలేదు. కేసు కాగితం ఒళ్లోకి తీసుకుని, ఆ మాట ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు.