ఉద్వాసన శాసనం

మణికుండలమనే రాజ్యాన్ని ఒకానొకప్పుడు కీర్తిధవళుడనే రాజు ఏలేవాడు. ఆయనకు పెద్ద పెద్ద మాటలంటే ప్రాణం. జనాన్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టినా సరే, శాసనంలో 'వెళ్లగొట్టడం' అని రాస్తే మోటుగా ఉందని ముఖం చిట్లించేవాడు. అందుకని ధర్మాధికారి విరూపాక్ష సోమయాజి, కౌలు రైతును గెంటేస్తే 'క్షేత్రవియోగం' అనీ, అద్దెకున్నవాణ్ణి గెంటేస్తే 'గృహవిముక్తి' అనీ రాసిపెట్టేవాడు.

ఒక ఏడు రాజుగారికి ఏటి ఒడ్డున విలాసమందిరం కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. అక్కడ తరతరాలుగా బుట్టలల్లుకునే మేదరులున్నారు. వాళ్ల వాడలో దండోరా మోగింది: "మేదరవాడ వారికి ఎల్లుండి ఉదయం ఉద్వాసన!"

మేదరపెద్ద నాంచారమ్మ ఆయాసపడుతూ ఆస్థాన విదూషకుడు బయ్యన ఇంటికి వచ్చింది. "బాబయ్యా, ఉద్వాసనంటే ఏమిటి? ఏదైనా పండగా?"

"ఇళ్లు ఖాళీ చేసి పొమ్మని, నాంచారమ్మా."

ఆమె గుమ్మంలోనే కూలబడింది. "వానలు ముంచుకొస్తున్నాయి. పసిబిడ్డలతో ఎక్కడికి పోతాం బాబూ?"

బయ్యన గుండె కలుక్కుమంది. ఉద్వాసన, ఉద్వాసన అని తనలో తాను గొణుక్కున్నాడు. ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు. "ఎల్లుండి అందరూ తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా కూర్చోండి. ఎవరు లెమ్మన్నా లేవకండి!" అని ఉత్తరీయం భుజాన వేసుకుని కోటకు పరుగెత్తాడు.

"ప్రభూ, శాసనంలో ఉద్వాసన అన్నది వాడుక మాటా, శాస్త్రం మాటా?"

సోమయాజి భగ్గుమన్నాడు. "నా ఘంటం నుంచి వాడుక మాట రాలుతుందా? అచ్చమైన శాస్త్రార్థం!"

"అయితే శాస్త్రం చెప్పినట్టే జరిపిస్తారా?"

"మా శాసనంలో అక్షరం పొల్లుపోదు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "అడ్డు తగిలావో, మొదటి ఉద్వాసన నీకే!"

బయ్యన వంగి దండం పెట్టాడు.

గడువు నాటి ఉదయం రాజు సోమయాజిని వెంటబెట్టుకుని ఏనుగెక్కి మేదరవాడకు వచ్చాడు. భటులు గునపాలతో సిద్ధంగా ఉన్నారు. మేదరులు చాపల మీద బారులు తీరి కూర్చున్నారు.

"కానివ్వండి!" అన్నాడు రాజు.

"ఆగండి!" బయ్యన చేతులు చాచి భటులకు అడ్డంగా నిలబడ్డాడు. "సోమయాజిగారూ, చవితికి వినాయకుణ్ణి తెచ్చి, పూజ చెయ్యకుండానే ఉద్వాసన చెబుతారా?"

"శివశివా! ఎంత అపచారం! ముందు ఆవాహన చేసి, ఆసనమిచ్చి, కాళ్లు కడిగి, కొత్తబట్టలు పెట్టి, నైవేద్యం..." సోమయాజి గొంతు అక్కడ తడబడి ఆగిపోయింది.

"విన్నారా ప్రభూ! శాసనం తమరిది కనుక పూజకు కర్త తమరే. నాంచారమ్మ కాళ్లతో మొదలుపెడదాం, దయచెయ్యండి!" అంటూ బయ్యన నీళ్ల చెంబు ఏనుగు మీదికి ఎత్తి చూపించాడు.

రాజు ముఖం జేవురించింది. నాంచారమ్మ బెదిరిపోయి పాదాలు చీర కుచ్చిళ్లలోకి లాక్కుంది.

"చేసేద్దాం ప్రభూ," గొణిగాడు సోమయాజి. "పూజ అయ్యాక వీళ్లు పోక తప్పదు కదా!"

"పోతారు," అన్నాడు బయ్యన. "ఉద్వాసన మంత్రం చివర ఏముందో కాస్త పైకి చెప్పండి."

సోమయాజి తల దించుకున్నాడు. "పునరాగమనాయ చ."

"అంటే?" గద్దించాడు రాజు.

"మళ్లీ రావడం కోసం... అని ప్రభూ."

"అదీ సంగతి! మళ్లీ రమ్మని చెప్పి మనమే సాగనంపుతాం. వాళ్లు ఏటి మలుపు దాకా పోయి తిరిగొస్తారు. మళ్లీ పొమ్మనాలంటే మళ్లీ కాళ్లు కడగాలి, మళ్లీ బట్టలు, మళ్లీ భోజనాలు! ఇక మందిరానికి పునాది తీసే తీరిక తమకెక్కడిది ప్రభూ?"

రాజు బయ్యనను చూశాడు, సోమయాజిని చూశాడు. పెదవి బిగబట్టాడు. ఇక ఆపుకోలేక అంబారీ ఊగిపోయేలా పకపకా నవ్వాడు.

"ఓరి గడుగ్గాయీ! నా చేత ఊరందరి కాళ్లూ కడిగించేవాడివే! సోమయాజిగారూ, మందిరం ఆవలి గట్టున కట్టుకుంటాం. వీళ్లు ఇక్కడే ఉంటారు. రాయండి!"

సోమయాజి ఘంటం తీశాడు. "శాశ్వత స్థలావస్థాన..."

"'ఉండండి' అని రాయండి. అంతే!"

రాజు ఏనుగు దిగి, తన ముత్యాలహారం బయ్యన మెడలో వేశాడు. నైవేద్యం మాత్రం శాస్త్రప్రకారం జరగాల్సిందేనని వంటవాళ్లకు కబురు పెట్టాడు. ఆ పూట ఏటి ఒడ్డున అందరికీ విందుభోజనం. నాంచారమ్మ విస్తట్లో మొదటి బూరె రాజుగారే వడ్డించారు.