భద్రయ్య వెయ్యని రంకె

గోదారి నడుమ ఒక లంక ఉండేది. అక్కడ గడ్డి ఎంత ఏపుగా పెరిగేదంటే, మేస్తూ లోపలికెళ్ళిన గేదె బయటికొచ్చేసరికి దానికి మనవలు పుట్టేసేవారు. ఆ లంకకంతటికీ మొనగాడు భద్రయ్య అనే దున్నపోతు. వాడు తుమ్మితే అవతలి ఒడ్డున కొబ్బరికాయలు రాలేవి. రంకె వేస్తే గోదారి ఉలిక్కిపడి, ఒక్క గుటక మింగి, మళ్ళీ పారేది.

ఆ లంకలో రంకెకి పెద్ద పని ఉంది. పెళ్ళాం ఈనేవేళ మొగుడు కొట్టం దరిదాపుల్లో ఉండకూడదు, ఏటిగట్టెక్కి రంకెలు వెయ్యాలి. ఎంత గట్టిగా వేస్తే దూడ అంత గట్టిగా పుడుతుందట. ఇది తాతల నాటి ఆచారం. ఎవరి తాతలు పెట్టారో నక్క జంబయ్యనడగాలి.

కిందటేడు భద్రయ్య పెళ్ళాం కాటుక తొలిచూలు ఈనినప్పుడు భద్రయ్య గట్టు మీద గొంతు చించుకున్నాడు. దిగి వచ్చేసరికి కాటుక లేవలేక పడి ఉంది. దూడ లేదు. గడ్డిలో ఈడ్చుకుపోయిన జాడ మాత్రం ఉంది.

"పిలిచాను మావా," అంది కాటుక. "నీ రంకెలో నా కేక నీకు వినపడలేదు."

ఆ మాట భద్రయ్య గుండెలో ముల్లులా దిగబడి ఏడాదంతా సలిపింది. అందుకే కాటుక మళ్ళీ చూలు కట్టగానే ముసలి మేక పోలమ్మ దగ్గరికి పరిగెత్తాడు. లంకలో ఏ పిల్ల నేలమీద పడినా పోలమ్మ పక్కన ఉండాల్సిందే.

"అత్తా, ఈసారి నేను కాటుక పక్కనే ఉంటాను. ఏం చెయ్యాలో నేర్పు."

"పక్కనుండటమంటే గుంజలా నిలబడటం కాదల్లుడూ. రేపు పొద్దున్నే రెల్లుపొద దగ్గరికి రా."

మర్నాడు అక్కడ కాబోయే తండ్రులంతా చేరారు. బోదురుకప్ప బోదులు ముందు వరసలో కూర్చుని, "మా ఆవిడ ఒక్క కాన్పుకి కోట్లలో పెడుతుందత్తా! అంతమంది ముక్కులు నేనొక్కణ్ణీ ఎలా తుడవను?" అన్నాడు.

"నువ్వు ముక్కుల జోలికి పోకు గానీ ముందా నోరు ముయ్యి," అని పోలమ్మ భద్రయ్య వైపు తిరిగింది. "తల దగ్గర నిలబడు. ఆవిడ ఊపిరితో నీ ఊపిరి కలుపు. తిడితే పడు. ముందు గిట్టలొస్తాయి, వెనకే మూతి. దూడ పడగానే ముక్కు మీది పొర నాకెయ్యి. పిలిచినవాడు దేవుడైనా సరే, పక్కనుంచి కదలకు. ఇక నెత్తురంటావా..."

దబ్బుమని చప్పుడు. భద్రయ్య కళ్ళు తేలేసి పడ్డాడు. లంక ఆ మూల జానెడు కుంగింది.

"ఇంకా మాట దగ్గరే ఉన్నాం కదరా నాయనా!" అంది పోలమ్మ.

లేచాడు, విన్నాడు, మళ్ళీ పడ్డాడు. పడకుండా వినడం నేర్చుకునేసరికి లంక రూపురేఖలే మారిపోయాయి.

నెలలు నిండాక జంబయ్య తోకూపుకుంటూ వచ్చాడు. "ఏం బావా, ఆడాళ్ళ పనులు నేర్చుకుంటున్నావట! మొనగాడి పరువేం కావాలి? మా పిల్లలు నీ రంకె కోసం చెవులు నిక్కించుకుని కూర్చున్నారు. రంకె లేకపోతే దూడ గుడ్డిదవుతుంది, తర్వాత నన్ననకు."

గుడ్డిదూడ! భద్రయ్య కాళ్ళు గట్టువైపు లాగాయి. అంతలోనే ఆగాడు. నా రంకె కోసం నక్కపిల్లలకి అంత ఆత్రం ఎందుకు? గడ్డిలో జాడ కళ్ళముందు కదిలింది.

"రంకె తప్పకుండా వినపడుతుంది బావా," అన్నాడు మెత్తగా. "చెవులు నిక్కించుకునే ఉండు."

జంబయ్య అటు వెళ్ళగానే భద్రయ్య ఇటు బోదులు దగ్గరికి వెళ్ళాడు. "తమ్ముడూ, నీ నోటికి పని పడింది," అన్నాడు.

ఓ మిట్టమధ్యాహ్నం కాటుకకి నొప్పులొచ్చాయి. భద్రయ్య తల దగ్గర నిలబడి ఊపిరి కలిపాడు.

"మొహం మీద ఊదుతావేం? అవతలికి పో!" అంది కాటుక.

"పోను."

"పోతే ఊరుకుంటానా? ఇటు రా!"

గిట్టలు కనిపించాయి. భద్రయ్య పళ్ళు బిగపట్టి నిలబడ్డాడు. వెనకే మూతి వచ్చింది, దూడ గడ్డి మీదికి జారింది. కదల్లేదు. ముక్కు మీద పొర. పోలమ్మ కాటుకని చూసుకుంటోంది. కాటుక తల ఎత్తలేకపోతోంది. భద్రయ్య వంగి నాకాడు. మళ్ళీ నాకాడు. దూడ తుమ్మింది. ఆ తుమ్ముకి అవతలి ఒడ్డున కొబ్బరిపిందెలు రాలాయి!

సరిగ్గా అప్పుడే గట్టు మీంచి పెద్ద రంకె వినిపించింది.

"వెర్రిదున్న గట్టెక్కింది," అనుకుని జంబయ్య కొట్టం తడికలో తల దూర్చాడు. ఎదురుగా రెండు కొమ్ములు.

"బావా! నువ్వు... గట్టు మీద కదా!"

"అవును, వినపడటం లేదూ? నేనక్కడే ఉన్నాను," అన్నాడు భద్రయ్య.

కాటుక పక్కనుంచి అడుగు కూడా కదపకుండా మెడ ఒక్క విసురు విసిరాడు. జంబయ్య తడికతో సహా లేచి, రెల్లు దాటి, రెండు మబ్బులు చీల్చుకుని గోదార్లో పడ్డాడు. తేలి చూస్తే గట్టు మీద ఖాళీ నీళ్ళకాగు, అరుపు రంకెలా మోగేలా అందులో బోదులు బుగ్గలు పూరిస్తూ.

"రంకె బాగా కుదిరిందా జంబయ్యా?" అన్నాడు బోదులు.

జంబయ్య అవతలి ఒడ్డుకి ఈదాడు. ఇప్పటికీ వానాకాలం కప్ప అరిస్తే బొరియలో దూరిపోతాడు.

ఇక్కడ భద్రయ్య తల ఆకాశాన్ని తాకింది. "గిట్టలు ముందొచ్చాయి! నేను చూశాను! పొర నేనే నాకాను!" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు, చెట్లక్కూడా చెప్పాడు.

"కన్నది నేను, ఆయాసం ఈయనకి," అంటూనే కాటుక తన గడ్డం వాడి వీపుమీద ఆనించి కళ్ళు మూసుకుంది. మధ్యలో పెయ్యదూడ లేచి నిలబడబోయి, తండ్రిలాగే దబ్బున పడింది.

నీతి: గట్టెక్కి అరవడానికి కప్ప చాలు, పక్కన నిలబడడానికే తండ్రి కావాలి.