ఇన్నాసమ్మ తెల్లచీర

శౌరిపేటలో రంగుటద్దాల కిటికీలు చేసే జెసింత అనే ఆమె ఉండేది; పనితనానికి వంక పెట్టడానికి లేదు గానీ, జానెడు చోటు ఖాళీగా కనిపిస్తే ఆమెకు ప్రాణం ఊరుకునేది కాదు.

ఆ ఊరి చర్చి పాతది. కోసుగా లేచిన కమానులు, ఎత్తైన కప్పు, పీఠం పైన గుండ్రటి కిటికీ. లోపలికి వెలుగంతా ఆ కిటికీలోంచే వచ్చేది. గాలివానకు అది పగిలితే, కొత్తది చేయమని ఫాదర్‌గారు జెసింతకు అప్పగించారు. సొంత ఊరి గుడిలో ఆమెకు అదే మొదటి పని.

పాత కిటికీలో నీలి దుప్పటి కప్పుకున్న మరియమ్మ బొమ్మ, చుట్టూ గులాబీలు; మిగతా చోటంతా రంగులేని అద్దాలు ఉండేవి.

“ఇదేం పేదరికం! తల్లికి ఆ మాత్రం చేయలేమా?” అంటూ జెసింత ఆ చోటంతా ముదురు నీలం, ఊదా అద్దాలతో నింపేసింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద చూసినవాళ్లంతా నోళ్లు తెరిచారు.

కిటికీ బిగించిన మర్నాడే ఒక పెళ్లి. గుడిలో మసకచీకటి. పాటలు ఎత్తే ముసలి ఇన్నాసమ్మకు పుస్తకంలో అక్షరం ఆనలేదు. తడుముకుంటూ పేజీ తిప్పి గొంతెత్తింది. అది సమాధి దగ్గర పాడే పాట! అలవాటు కొద్దీ జనమూ అందుకున్నారు.

పెళ్లికూతురి తల్లి లేచి నిలబడింది. “అయ్యో పిన్నీ! నా బిడ్డను కాపురానికి పంపుతున్నావా, కాటికా?”

“నన్నంటావేం? పట్టపగలు గుడిలో చీకటి దింపింది ఆ జెసింత!”

“వచ్చే గుడి పండుగలోగా ఇది తీసేసి మామూలు అద్దాలు పెట్టిద్దామమ్మా,” అన్నారు ఫాదర్‌గారు మెల్లగా.

జెసింత గబగబా ఆయన దగ్గరికి వచ్చింది. “ఆదివారం దాకా ఆగండి ఫాదర్,” అని బతిమాలింది.

తెల్లవారి ఆమె ఇన్నాసమ్మ కూర్చునే చాప మీద కూర్చుని పాటల పుస్తకం తెరిచింది. ఒక్క ముక్క కనిపించలేదు. ఇన్నాళ్లూ తన కిటికీని బల్ల మీద చూసుకుని మురిసిందే గానీ, ఇక్కడ కూర్చుని చూడనే లేదు. వెంటనే కిటికీ దింపించి, తనకెంతో ఇష్టమైన ఆ నీలం, ఊదా అద్దాలను తన చేతులతోనే ఊడదీసింది.

“అంత కష్టపడి పెట్టి తీసేస్తావేంటే?” అంది ఇన్నాసమ్మ.

“నీ అక్షరాల మీద కూర్చున్నాయి అత్తా!”

వాటి చోట రంగులేని అద్దాలు బిగించింది.

ఆదివారం పొద్దున ఎండ ఆ కిటికీలోంచి దిగింది. గుడంతా తెల్లవారినట్టయింది. మరియమ్మ నీలి దుప్పటి, చుట్టూ గులాబీలు ఇన్నాసమ్మ తెల్లచీర మీద రంగులై వాలాయి. ఆమె సరైన పాటే ఎత్తింది. పూజ అయ్యాక చీర చూసుకుని పకపకా నవ్వింది.

“ఈ వయసులో నాకు రంగుచీర కట్టించావు కదే!”

ఫాదర్‌గారు మరి ఆ కిటికీ తీసేసే మాట ఎత్తలేదు.

నీతి: వెలుగుకు చోటు వదిలితేనే రంగుకు అందం, ఎదుటివారికి చోటు వదిలితేనే మన పనితనానికి విలువ.