హంపమ్మ కొర్ర చేను

చెన్నబసవకు ఒకటే బాధ. తమ మఠాన్ని పెట్టిన మూలగురువు సమాధిని ఎవరికీ చూపించలేకపోతున్నాడు. హగరి ఏటి ఇసుక పాత ఊరినే మింగింది, సమాధి దానికో లెక్కా. ఏటికి అవతలి మఠం వాళ్లు జాతరలో కనబడిన ప్రతిసారీ, "మీకు మూలమే లేదు కదప్పా" అని పళ్లికిలించేవాళ్లు. వాళ్లకున్న పని అదే.

ఈసారి రోషం ఆగలేదు. "అమావాస్యకు రండి, చూపిస్తా" అనేశాడు.

గురువు తిప్పేస్వామికి మాటమాత్రం చెప్పకుండా, పార తీసుకుని మఠం వెనక ఇసుకదిబ్బ తవ్వడం మొదలుపెట్టాడు. దొరికింది కూడా. ముందు రాతి శిఖరం, తర్వాత నంది మూపురం. ఇక మనిషి కాలు నేల మీద నిలవలేదు. తవ్విన ఇసుకంతా దిబ్బకు తూర్పున పోశాడు. ఆషాఢమాసం, పడమటి గాలి. ఆ ఇసుక ఎక్కడికి పోతుందో చూసేందుకు అతనికి తీరిక లేదు.

అమావాస్య ముందురోజు పొద్దున హంపమ్మ వచ్చి గుంత అంచున నిలబడింది. దిబ్బ కింద తూర్పు చేను ఆమెది.

"ఏం సామీ, సచ్చినోళ్లను పైకి తీస్తున్నావంట. బతికినోళ్లను పూడ్చే పని కూడా నీకే అప్పజెప్పినారా?"

"ఏమైంది హంపక్కా?"

"నా కొర్ర ఏడుందో నువ్వే ఎతికిపెట్టు. మళ్లా చల్లుకునేదానికి ఇంట్లో గింజ లేదు."

మఠం అరుగు మీద కూర్చున్న తిప్పేస్వామి ఇదంతా విన్నాడు. లేచి, తట్ట తీసుకుని చేలోకి దిగాడు. వంగి, ఇసుకను చేత్తో మెల్లగా పక్కకు తీశాడు. కింద మొలకలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, మెడలు వంచుకుని. తీసిన ఇసుకను తట్టకెత్తుకుని దిబ్బెక్కి, గుంతలో కుమ్మరించాడు.

చెన్నబసవ చేతులు అడ్డం పెట్టాడు. "స్వామీ! మూలగురువు మీదా!"

"ఆయన మోస్తాడు. మొలక మోయలేదు."

గురువు మళ్లీ చేలోకి పోయాడు. హంపమ్మ కొంగు నడుముకు దోపుకుని ఆయన పక్కన కూర్చుంది. తట్ట తర్వాత తట్ట. నంది మూపురం మునిగిపోయింది.

"రేపు వాళ్లొస్తారు స్వామీ" అన్నాడు చెన్నబసవ, ఏడుపొక్కటే తక్కువ. "ఏం చూపించేది?"

"నీ మొగం చూపించు" అంది హంపమ్మ, తలెత్తకుండా.

గురువు ఏటి వైపు చూశాడు.

"గాలి లేస్తోంది. లోపల ఇంకో తట్ట ఉంది, తెచ్చుకో."