నాలుగో కుండ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజు ఉండేవాడు. పేరు మణికంధరుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు: జయకేతు, వీరకేతు, శశికేతు. ఊఁ కొట్టండి పిల్లలూ. పెళ్లెప్పుడని మధ్యలో అడక్కండి. పెళ్లి ఉంది గానీ, దానికి ముందు చాలా ఏడుపుంది.

ఆ రాజ్యం దాటితే ఏడు సముద్రాలు, సముద్రానికో దీవి. ఏడో దీవిలో కాలదంష్ట్రుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడక్కడ కూర్చుని ఊదితే ఇక్కడి మబ్బులు చెదిరిపోయేవి. మూడేళ్లుగా చినుకు లేదు. కోటలో బావి ఒక్కటే మిగిలింది.

వాణ్ణి చంపి వస్తానని పెద్దవాడు జయకేతు పడవెక్కాడు. తిరిగి రాలేదు. అన్నని తెస్తానని రెండోవాడు వీరకేతు పడవెక్కాడు. తిరిగి రాలేదు. రాణి కువలయదేవి రేవులోనే కూర్చుండిపోయింది.

మూడోవాడు శశికేతు పడవెక్కలేదు. రేవులో ఉండే ముసలి తాబేలు దగ్గరికి వెళ్లాడు. అది ఏడు సముద్రాలూ ఈదిన తాబేలు.

"అవ్వా, ఆ దీవి నుంచి తిరిగి రావడం ఎలా?" అని అడిగాడు.

తాబేలు మెల్లగా తల బయటపెట్టింది. "మీ అన్నలు వెళ్లడం ఎలా అని అడిగారు నాయనా. రావడం గురించి అడిగింది నువ్వే. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురుకొడుతుంది. దారిలో ఏ దీవిలోనూ తాగే నీళ్లు లేవు. దాహంతో చేరినవాళ్లకి మాంత్రికుడు బంగారు గిన్నెలో నీళ్లిస్తాడు. తాగినవాళ్లు రాళ్లైపోతారు. వాడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. వాడు చస్తే రాళ్లు మళ్లీ మనుషులవుతాయి."

శశికేతు బాగా ఆలోచించాడు. వెళ్లేటప్పుడే ఒక్కో దీవిలో మూడేసి కుండల నీళ్లు, మూడు మూటల అటుకులు పాతిపెట్టాలి. తిరిగొచ్చేటప్పుడు ముగ్గురన్నదమ్ములూ వాటితో బతకాలి. కుండలు చేయించాడు, కాల్పించాడు, కారనివి ఏరించాడు. మంచిగాలి కోసం కాచుక్కూచున్నాడు. ఊళ్లోవాళ్లు వాణ్ణి కుండల రాజు అని నవ్వారు.

రాణికి ఒళ్లుమండింది. "అన్నలు ఏమైపోయారో తెలీదు, నువ్వు కుండలు పేర్చుకుంటూ కూర్చున్నావా? భయమేస్తే భయమని చెప్పరా!"

"భయమే అమ్మా. అందుకే పేరుస్తున్నా."

బయల్దేరే రోజు మాత్రం రాణి తనే బావిలో నీళ్లు తోడి, ప్రతి మూడు కుండల పక్కనా నాలుగోది పెట్టింది. "ఎందుకైనా మంచిది, ఉండనీరా."

"తిరిగొచ్చేది ముగ్గురమేగా అమ్మా. ఉత్త బరువు," అని శశికేతు నాలుగో కుండలన్నీ దింపేశాడు.

"బాగా ఆలోచించుకున్నావా నాయనా?" అంది తాబేలు.

"నా లెక్క తప్పదవ్వా," అన్నాడు.

మొదటి దీవి అంతా ఉప్పు. రెండోది అంతా పొగ. మూడోదాంట్లో ఎవరివో పడవల ఎముకలు. ఆ తర్వాతి దీవుల్లో అవి కూడా లేవు. ఆగిన చోటల్లా పాతిపెట్టుకుంటూ, తను గుక్కెడే తాగుతూ, ఏడో దీవి చేరాడు.

మాంత్రికుడు బంగారు గిన్నెతో ఎదురొచ్చాడు. "దాహంగా ఉందా?"

"లేదు."

"అలసిపోయి ఉంటావు, రెండు గుక్కలైనా తాగు."

"అక్కర్లేదు. నా నీళ్లు నాకున్నాయి."

దాహం లేని మనిషిని వాడెప్పుడూ చూడలేదు. ఎన్నాళ్లుంటాడో చూద్దామని లోపలికిపోయి పడుకున్నాడు.

ఎండిన తాటిచెట్టుకి వేలాడుతున్న పంజరంలోంచి చిలక పిలిచింది. "అబ్బాయీ, నీ దగ్గరున్నవి బావి నీళ్లేనా?"

శశికేతు పంజరం తెరిచి దోసిట్లో నీళ్లు పోశాడు. "నేను చస్తేనే వాడు చస్తాడు, నాకు తెలుసు. కడుపునిండా తాగనీ, తర్వాత నీ ఇష్టం," అంది చిలక. శశికేతు తాగనిచ్చాడు. ఏడుస్తూనే దాని మెడ విరిచాడు. లోపల మాంత్రికుడు ఒక్క కేక పెట్టి చచ్చాడు.

రాళ్లలో కదలిక వచ్చింది. కానీ చాలా రాళ్లు ఉప్పుగాలికి అరిగిపోయాయి పిల్లలూ, అవి ఇక లేవలేదు. లేచింది ముగ్గురే. జయకేతు, వీరకేతు, తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన నీలమంజరి అనే రాచకూతురు. ఆవిడ తండ్రి రాయి పక్కనే ఇసకైపోయి ఉంది.

శశికేతు తనతో కలిపి నలుగుర్నీ లెక్కపెట్టాడు. దారిలో ముగ్గురికి సరిపడా నీళ్లే పాతిపెట్టానని ఉన్నమాట చెప్పాడు. నీలమంజరి తండ్రి ఇసక మీద చెయ్యి ఆనించి, "నన్నిక్కడే వదిలేయండి," అంది.

"చాల్లే తల్లీ, పడవెక్కు," అన్నాడు జయకేతు. "నీళ్లు పంచే పని నాది."

ఎదురుగాలిలో తెడ్లు వేసుకుంటూ వచ్చారు. దీవి దీవికీ మూడు కుండలు తవ్వారు. జయకేతు నాలుగు సొరకాయ బుర్రల్లో నీళ్లు పోసేవాడు. తన బుర్ర కూడా ఎత్తేవాడు, గొంతు కదిలేది. ఎవరూ పరీక్షగా చూడలేదు.

చివరి సముద్రంలో గాలి మరీ మొండికేసింది. ముగ్గురి బుర్రలూ ఎండిపోయాయి. అప్పుడు జయకేతు తన బుర్ర ముందుకు తోశాడు. అది నిండుగా ఉంది.

"అన్నా, నువ్వు?"

"నాకు దాహం లేదురా. ముందు దారి తెలీకుండా వెళ్లింది నేనే కదా," అని పడవలో పడుకున్నాడు. రేవు కనపడేసరికి ప్రాణం పోయింది.

పడవ ఒడ్డుకు తగలగానే వాన మొదలైంది. మూడేళ్ల వాన! ఊరంతా గంతులేస్తోంది. రాణి మాత్రం వానలో తడుస్తూ ఆ నాలుగో కుండల పక్కనే కూర్చుని ఉంది. ఒక్క మూతా తీయలేదు. పెద్దకొడుకుని ఒళ్లోకి తీసుకుని, ఆ నీళ్లతోనే చివరి స్నానం చేయించింది. శశికేతుని ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాడికి బాగుండేది.

ఏడాది తిరిగాక శశికేతుకి, నీలమంజరికి పెళ్లయింది. మేళతాళాలు లేవు. తండ్రి తర్వాత తనకి రావలసిన రాజ్యాన్ని వీరకేతు తమ్ముడికే ఇచ్చేశాడు. శశికేతు చాలాకాలం చల్లగా ఏలాడు. అయితే రేవులోంచి ఏ పడవ బయల్దేరినా, రాజే ఒక కుండ భుజాన మోసుకొచ్చి ఎక్కించేవాడు.

"మాకు సరిపడా ఉన్నాయి మహారాజా, ఇదెవరికి?" అనేవారు పడవవాళ్లు.

"ఎవరికో నాకూ తెలీదయ్యా. దింపకండి," అనేవాడు.

కథ ఒడ్డుకి చేరింది. లేవండి, నీళ్లు తాగి పడుకోండి.