పిండంలో ఎవరూ లేరు

ఏటిపాయ ఒంపు తిరిగేచోట ఒక రేవుంది. మనుషులు ఆ రేవుకి స్నానానికి రారు, బట్టలుతకడానికీ రారు. ఇంట్లో ఎవరైనా పోతే పదోనాడు పిండాలు పెట్టడానికి వస్తారు. ముద్దలు ఇసుకలో పెట్టి, వెనక్కి జరిగి, కాకి ముట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడతారు. ఆ ముట్టే కాకులు రేవు పక్కనే, బల్లకట్టు నడిచిన రోజుల్లో కట్టిన పాత పెంకుల కొట్టు మీద కాపురముండేవి. బల్లకట్టు పోయింది, నడిపినవాళ్ళూ పోయారు, పెంకులు మిగిలాయి.

పిండమే ఆ కాకుల జీతం. ఆ జీతానికి తారీఖు లేదు. ఒక నెల మూడుసార్లు వచ్చేది. ఒక నెల దాని ఊసే ఉండేది కాదు.

ఇంకో సంగతి ఉంది, అది కాకులు బయటివాళ్ళకి చెప్పవు. ముద్దని ముక్కుతో తాకగానే పోయినవాళ్ళ తీరని కోరిక కాకి గొంతులోకి దిగుతుంది. పొద్దుగుంకేదాకా ఉండి వెళ్ళిపోతుంది. బడిపంతులు పిండం తిన్నరోజు కాకులన్నిటికీ చుట్ట మీదికి మనసు పోయింది. పురిట్లో పోయిన పిల్ల పిండం తిన్నరోజు ఏ కాకీ గూడు వదిలి కదల్లేదు. అందుకే ముట్టేముందు పెద్దకాకి తల వాల్చి, లోపల ఎవరు అని అడిగేది. జవాబు అందాకే తక్కినవి దిగేవి.

ఆ పెద్దకాకి కాటుకమ్మ. వరదల ఏడు నలభై ఒక్క రోజులు రేవుకి మనిషన్నవాడు రాలేదు. ఆ నలభై ఒక్క రోజుల్లో కాటుకమ్మ గూట్లో ఇద్దరు పిల్లలు పోయారు. అప్పుడు నాలుగు మెతుకులడిగితే లేవన్న చింతచెట్టు కాకితో ఆవిడ ఇప్పటికీ మాట్లాడదు. పదకొండేళ్ళయింది.

అప్పట్నుంచీ ఇల్లంతా ఆవిడ లెక్క మీదే నడిచింది. పిండం రాగానే ఆ పూటకి కొంచెం తిని, మిగిలిందంతా పెంకుల మీద ఎండబెట్టించి, పెంకుల కింద దాచించేది. మళ్ళీ రాబడి నలభై రెండో రోజుకి గాని రాదన్నట్టు రోజుకి ముక్కుకి పన్నెండు మెతుకులు పంచేది. మూడోనాడే ఇంకో పిండం వచ్చినా ఆ పన్నెండు పదమూడయ్యేవి కావు. వెనకాల పిసినారి అనుకునేవారు. ఆవిడకి వినబడేది. ఎవరెవరన్నారో గుర్తుపెట్టుకునేది.

ఈ ఏడు కోడలు నేరేడు కూతురు మిరియానికి రెక్కలొచ్చాయి. పిల్ల మొదటిసారి ఎగిరినప్పుడు గుంపంతటికీ విందుపెట్టడం కాకుల్లో ఆచారం. ఆ రోజు కొత్తగా ఎగిరిన పిల్లే పిండం ముందు ముట్టాలి. నేరేడు తన చెల్లెళ్ళనీ మేనత్తలనీ పిలవాలని ముచ్చటపడింది. పిలవాలంటే రోజు చెప్పాలి. అత్తనడిగింది.

"పిండం వచ్చినరోజే విందు," అంది కాటుకమ్మ.

"అదెప్పుడొస్తుందత్తా?"

"వచ్చినప్పుడు."

"మా వాళ్ళకి అలాగే చెప్పనా? ఎవరో పోయినప్పుడు రండి అని?"

ఆ మాటకి కొట్టు చూరు కింద ఎవరో నవ్వారు. తొంగి చూస్తే గుంటనక్క. ఏటి ఒంపు అవతల ఉండేది అది. దాన్ని అందరూ శకునాలయ్య అనేవారు. మనుషుల గొంతులు అచ్చంగా పలికేది. ముసలాళ్ళ దగ్గూ, ఆడవాళ్ళ ఏడుపూ పొదల్లోంచి దాని గొంతులో వినబడితే కాకులకే ఈకలు నిక్కబొడుచుకునేవి.

పిండం ఎప్పుడొస్తుందో తాను చెబుతానంది నక్క. ఏ ఇంట్లో దీపం కొండెక్కబోతోందో తన చెవికి తెలుస్తుందట. వచ్చే మంగళవారం వస్తుందనీ, అబద్ధమైతే తన తోక పీకమనీ చెప్పి పోయింది. మంగళవారం నిజంగానే వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ శనివారం అంది. శనివారమూ వచ్చింది, సరిగ్గా పొద్దెక్కే వేళకి. రెండుసార్లూ నక్క ఏమీ అడగలేదు.

ఇంక నేరేడు వదల్లేదు. గుంపులో కాకులన్నీ నేరేడుకే వంత పాడాయి. రోజు తెలిసినప్పుడు నలభై ఒక్క రోజుల లెక్కెందుకు, పన్నెండు మెతుకులెందుకు, పాత మెతుకులు పురుగు పట్టేదాకా దాచడమెందుకు అన్నాయి. చింతచెట్టు కాకి కూడా తన కొమ్మ మీంచి వినబడేలా అంది, కొందరికి కడుపు నిండితే నిద్రపట్టదని. ఆ మాట కాటుకమ్మని గుచ్చింది. ఆ చింతచెట్టు ముందు తాను చిన్నబోవడం ఆవిడ వల్ల కాలేదు.

మూడోసారి నక్క వచ్చినప్పుడు కాటుకమ్మే కిందికి దిగింది.

"ఏరా శకునాలయ్యా, ఈసారెప్పుడు?"

"అమావాస్య వెళ్ళిన మూడోనాడు పెద్దమ్మా. పెద్ద ఇల్లు. మూడు తరాల పేర్లు చెప్పి పెడతారు. మీ గుంపు పదిరోజులు తిన్నా తరగదు." గొంతు తగ్గించింది. "ఈసారి మాత్రం నాకు దక్షిణ కావాలి. పెంకుల కింద ఎండువి ఉన్నాయిగా, అవి ఇప్పించు. కొత్తవి వస్తుంటే పాతవెందుకు?"

కాటుకమ్మ ఒక్క క్షణం చూరుకేసి చూసింది. తర్వాత తలూపింది. మూడువంతుల్లో రెండువంతులు నక్క మూటగట్టుకుపోయింది. ఉన్న ఒక వంతూ చుట్టాలొచ్చి విందుకు ముందే తినేశారు. పదకొండేళ్ళలో మొదటిసారి పెంకుల కింద ఖాళీ అయింది. ఆ పొద్దంతా కాటుకమ్మ పెంకు తర్వాత పెంకు ముక్కుతో ఎత్తి చూస్తూనే ఉంది.

అమావాస్య వెళ్ళింది. మూడోనాటికి ఎవరికీ రెండురోజులుగా తిండి లేదు. మిరియం ఎగిరితే రెక్కలు వణుకుతున్నాయి. తెల్లవారింది గాని మంచు విడవలేదు. ఏరు కనబడలేదు, ఒడ్డు కనబడలేదు, పక్కనున్న కాకి సగమే కనబడింది. ఆ మంచులో ఇసుక మీద తెల్లగా మూడు ముద్దలున్నాయి.

"వచ్చిందత్తా," అంది నేరేడు. "మిరియం, పద. ముందు నువ్వే ముట్టాలి."

"ఆగవే," అంది కాటుకమ్మ.

మనుషుల అలికిడి లేదు. తడిబట్టల చప్పుడు లేదు. మంత్రం లేదు, దగ్గు లేదు. ముద్దల చుట్టూ ఇసుక తోకతో ఊడ్చినట్టు నున్నగా ఉంది, ఒక్క పాదం గుర్తు కూడా లేదు. కాటుకమ్మ ఎగిరి ముద్దల దగ్గర వాలింది. నువ్వులు లేవు, దర్భ లేదు. తల వాల్చి, లోపల ఎవరు అని అడిగింది.

జవాబు రాలేదు.

మళ్ళీ అడిగింది. పసిగుడ్డు పోయినా ఏదో ఒకటి వస్తుంది, పాలవాసనన్నా వస్తుంది. ఇందులోంచి ఏమీ రాలేదు. బావిలోకి రాయి వేసి, చప్పుడు కోసం ఎంతసేపు ఆగినా రానట్టుంది. మూడోసారి వంగినప్పుడు మెల్లగా ఒక వాసన తగిలింది. పెంకుల మట్టి వాసన. తన చూరు వాసన. పదకొండేళ్ళుగా తాను లెక్కపెట్టిన మెతుకులు, నీళ్ళలో నానబెట్టి ముద్దలు చేసినవి.

"ఇందులో ఎవరూ లేరు," అంది వెనక్కి తిరక్కుండా. "ఇందులో ఉన్నది మన ఇల్లే."

నేరేడు మిరియాన్ని రెక్క కిందికి లాక్కుంది. ముద్దల వెనక రెల్లులో, ఏడడుగుల దూరంలో, ఏదో కదిలి ఆగింది. పిల్ల ముందు వస్తుందని తెలిసినవాడెవడో అక్కడ కాచుకుని కూర్చున్నాడు.

ఎగిరిపోతే ప్రాణాలు దక్కుతాయి, తిండి దక్కదు. వాడూ మళ్ళీ వస్తాడు. కాటుకమ్మ తల నిటారుగా ఎత్తి, గుంపంతా వినేలా అంది. "ఎవరూ ముట్టకండి. లోపలున్నవాళ్ళకి కోరిక తీరలేదు. కర్త మాటిస్తేగాని ముట్టేది లేదు."

కాకి ముట్టకపోతే పిండం పెట్టిన కర్త ముందుకొచ్చి, పోయినవాళ్ళకి మాటివ్వడం ఆ రేవు మీద మామూలే. కాసేపటికి రెల్లులోంచి మగవాడి గొంతు వచ్చింది. బొంగురుగా, ఏడ్చి ఏడ్చి అలసినట్టు ఉంది. "నీ పిల్లల్ని నేను చూసుకుంటాను. నువ్వు బెంగపెట్టుకోకు."

నిజమైన మనిషి గొంతులాగే ఉంది. ఆ మాట నిజంగా ఎవరో ఎవరికో చెప్పిందే, నక్క ఎక్కడో పొంచి విని దాచుకుంది.

"మాట అందింది," అంది కాటుకమ్మ. "ఇంక నీళ్ళు వదలాలి. ఆ ఎర్ర ఇసుక పక్క నుంచి నడుంలోతు దిగి వదిలితే ముడతాం. పిల్లే ముందు ముడుతుంది."

ఎర్ర ఇసుకలో కిందటేడు దున్నపోతు దిగింది. కొమ్ములు కూడా తిరిగి కనబడలేదు. ఏటికి ఈవైపు ఉండేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నక్క అవతలి ఒంపుది.

మంచులో నల్లటి ఆకారం ఒకటి వెనక్కాళ్ళ మీద మనిషిలా వంగి నడుస్తూ పోయింది. నీళ్ళ చప్పుడు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. తర్వాత మనిషి గొంతు పోయి నక్క గొంతు వినబడింది.

"పెద్దమ్మా. కాళ్ళు రావటం లేదు."

"ఊబి అది. కదిలితే ఇంకా దిగుతావు."

"ఏదన్నా కొమ్మ పడేయించు. నీకు మళ్ళీ రోజులు చెబుతాను. ఊరికే చెబుతాను."

"ఎలా చెబుతావురా?"

నక్క గబగబా చెప్పేసింది. శ్మశానం తన ఒంపులోనే ఉందట. చితి కాలిన రోజునుంచి పదో రోజు లెక్కపెట్టుకుంటే చాలట. చెవికి తెలియడం, దీపం కొండెక్కడం అంతా కల్పనేనట. మూడోసారికి అక్కడ చితే కాలలేదట.

"పది లెక్కపెట్టడం మాకూ వచ్చు," అంది కాటుకమ్మ. "నువ్వు రోజులు చెప్పేవాడివి కదా. నీ రోజెప్పుడో చెప్పు, వింటాను."

మంచులోంచి చాలాసేపు నీళ్ళు నాకినట్టు చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత అదీ లేదు.

మంచు విడిచేసరికి ఎర్ర ఇసుక నున్నగా ఉంది. కాకులు మూడు ముద్దలూ విడదీసి మళ్ళీ ఎండబెట్టాయి. ఈసారి ముక్కుకి ఏడు మెతుకులే వచ్చాయి, ఎవరూ పిసినారి అనలేదు. పంతొమ్మిది రోజులు అలా నడిచింది. ఇరవయ్యో రోజు నిజం పిండం వచ్చింది, నువ్వులతో, దర్భతో, తడిబట్టలతో. ఒక ముసలామెది. మిరియం ముందు ముట్టింది, ఆ పొద్దంతా గుంపుకి మామిడిపండు తినాలనిపించింది. విందు ఆ రోజే అయింది. చింతచెట్టు కాకిని పిలవలేదు.

నేరేడు ఇప్పుడు తనే పెంకులెత్తి లెక్క చూసుకుంటోంది. ఒంపు అవతల పొగ లేచిన రోజు గుర్తుపెట్టుకుంటుంది గాని, పన్నెండు మెతుకులు పదమూడు చెయ్యదు. ఎర్ర ఇసుకవైపు మాత్రం ఏ కాకీ వాలదు. మంచు కురిసిన పొద్దుల్లో అక్కడ ఇసుక కిందినుంచి బొంగురు గొంతు ఒకటి వస్తుంది. మంగళవారం, అంటుంది. కాసేపాగి, శనివారం, అంటుంది.

నీతి: ఎప్పుడొస్తుందో తెలియని రాబడిని ఎక్కువ రోజుల లెక్కకే పంచుకోవాలి, వచ్చే రోజు చెబుతానని వచ్చేవాడి కన్ను మనం దాచుకున్నదాని మీదే ఉంటుంది.