ఖాళీగా తిరిగొచ్చిన పడవ

పిల్లలూ, ఒక ప్రశ్న అడుగుతాను. తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ముఖం చూసి వస్తువు అమ్మడం కష్టమా, ముఖం చూడకుండా అమ్మడం కష్టమా?

చూసి అమ్మడమే కష్టమంటావా బుజ్జీ, ఎదురుగా నిలబడి బేరమాడతారనా? సరే. మీ హిమజక్కను అడిగితే వేరే మాట చెబుతుంది. ఫోనులో సంచుల కొట్టు పెట్టి మూడు నెలలైంది. పంపిన ఒక్క సంచీ నిన్న తిరిగొచ్చింది. ఆ పొట్లం విప్పనైనా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకుంది. దాన్ని కదపకండి. నేను కథ చెబుతాను, దానికీ చెవులున్నాయి.

అనగా అనగా, సముద్రంలో కలవబోయే ఒక పెద్ద ఏటికి ఇవతలి గట్టున ఒక ఊరు. ఊరంతా చాపలల్లేవాళ్ళు. ఊరి పక్కన మడుగు, మడుగు నిండా మనిషెత్తు తుంగ.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. చాప కొలత అల్లినవారిది కాదు, కొన్నవారిది. సంతకు వచ్చిన మనిషి చాప మీద మోచేయి ఆనించి, వేలికొస దాకా ఒక మూర, మళ్ళీ ఒక మూర, అలా నాలుగు మూరలు కొలుచుకునేవాడు. అప్పుడు అతని కళ్ళ ముందే మిగిలిన తుంగ కోసి, దారాలు ముడివేసి, అంచు కట్టి ఇచ్చేవారు. ఎవరి చాప వారి ఒంటికి సరిపోయేది. అందుకని సంతకు మోసుకెళ్ళే చాపలకు అంచు ఉండేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒక ఏడు రాజుగారు రాజధానిని అవతలి గట్టుకు మార్చారు. సంత కూడా ఆయన వెంటే పోయింది. అక్కడ కూర్చుని అమ్మాలంటే రాజముద్ర కావాలి. చాపలల్లేవాళ్ళకు ముద్ర ఎవరిస్తారు? ఒక్కొక్క మగ్గమే మూలపడింది. ఒక్కొక్క ఇల్లే ఉప్పు మళ్ళలో పనికి వెళ్ళిపోయింది. చివరికి ఇద్దరే మిగిలారు. నాంచారి, ఆమె వదిన పేరమ్మ.

చాప మగ్గం ఇద్దరి పని. ఒకరు తుంగపోచ దూర్చాలి, ఎదుటివారు పలకతో కొట్టి బిగించాలి.

ఊరి పెద్ద నాంచారిని పిలిపించాడు. "తొలకరి దాకా ఆగుతాను. ఆలోగా ఒక్క చాప అవతలి గట్టుకు వెళ్ళి, తిరిగి రాకుండా అక్కడే ఉండిపోతే, మడుగు నీది. లేకపోతే దాన్ని ఎండగట్టి ఉప్పు మళ్ళు చేస్తాను" అన్నాడు.

మడుగు పోతే తుంగ లేదు. తుంగ లేకపోతే నాంచారికి చేతనైన ఒకే ఒక్క పని లేదు.

నాంచారి ఒక ఉపాయం ఆలోచించింది. తాటాకు మీద చాప బొమ్మ గీసి, పక్కన నాలుగు మూరల చాప అని రాసి, ఒక ముసలి పావురానికి ఇచ్చి అవతలి గట్టుకు పంపింది. కావాలన్నవారికి పడవలో చాప వెళుతుంది. పేరమ్మ నవ్వింది. "ఆకు చూసి చాప కొనే మగవాడు ఇంకా పుట్టలేదు మరదలా. పుట్టి ఉంటే చెప్పు, నీకు వాడితోనే పెళ్ళి చేస్తాను."

పుట్టే ఉన్నాడు. బసవశెట్టి అని, ధాన్యం వర్తకుడు. అప్పటికే పెళ్ళయి మనవలు కూడా ఉన్నారులెండి. ఒక చాప కావాలని కబురు చేశాడు. వదినా మరదళ్ళు పది రోజులు కూర్చుని అల్లారు. ఆచారం ప్రకారం అంచు కట్టకుండా పడవెక్కించారు.

నాలుగో రోజుకు చాప తిరిగొచ్చింది. సగం అల్లిన చాప ఎవరికి కావాలి, పూర్తిచేసి పంపమని శెట్టి చెప్పి పంపాడు. పాపం, ఆయనకు మన ఆచారమేం తెలుసు?

నాంచారి ఏడవలేదు. తన మోచేయి ఆనించి నాలుగు మూరలు కొలిచి, అంచు కట్టి మళ్ళీ పంపింది.

చాప మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి పావురం మోసుకొచ్చిన మాట చాలా బరువైనది. "నాలుగు మూరలని రాసి పసిపిల్లల చాప పంపావు. పడుకుంటే నా కాళ్ళు నేల మీదే ఉన్నాయి. ఏటి అవతలివాళ్ళు మోసగాళ్ళని సంతంతా చెబుతాను."

చెప్పాడు కూడా. ఆ తర్వాత నాంచారి ముప్పై ఆకులు రాసింది. వేళ్ళు కాయలు కాశాయి. పావురం ముప్పైసార్లు ఏరు దాటి, ముప్పైసార్లు వట్టి కాళ్ళతో వచ్చింది.

"చదివారా?" అని అడిగింది నాంచారి.

"చదివారు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. పక్కన పెట్టారు."

"తిట్టనైనా తిట్టలేదా?"

"తిట్టడానికైనా కాస్త పట్టింపు ఉండాలి కదమ్మా" అంది పావురం.

మర్నాడు పొద్దున్నే పేరమ్మ మూట కట్టుకుంది. ఆ రోజు ఎగతాళి చేయలేదు. "ఈ చేతులకు ఉప్పు మళ్ళలో పనుంది నాంచారీ. ఇక్కడ లేదు" అని వెళ్ళిపోయింది. ఇద్దరి మగ్గం ముందు ఒక్కతే మిగిలింది.

ఆ మధ్యాహ్నం నాంచారి కత్తి తీసుకుంది. మగ్గానికి బిగించిన దారాలన్నీ తెంపేద్దామనుకుంది. ఒక దారం తెంపింది. రెండోది తెంపడానికి చెయ్యి లేవలేదు. పట్టుదల ఏమీ కాదు పిల్లలూ, ఒంట్లో సత్తువ లేక. తిరిగొచ్చిన చాప పక్కనే ఉంటే దాని మీద వాలిపోయింది. సాయంత్రం దాకా అలాగే ఉంది. ఏడుపు కూడా అయిపోయింది. ఇక చేయడానికేమీ లేదు.

అప్పుడు తన కాళ్ళ వైపు చూసుకుంది. మడమలు సరిగ్గా అంచు దగ్గరే ఉన్నాయి. తల పైఅంచు దగ్గర ఉంది. చాప ఆమెకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక తనకు సరిపోయిన చాప మీద ఆమె పడుకున్నది అదే మొదటిసారి. అన్నిటికీ కొన్నవాళ్ళ చేతి కొలతకే అంచు కట్టింది కదా. లేచి కూర్చుంది. చాపలో మోసం లేదు, నేతలో తప్పు లేదు. శెట్టి చాప కొన్నాడు గానీ, శెట్టి చెయ్యి ఏరు దాటి రాలేదు.

ఇందాక తెంపిన దారం కింద పడి ఉంది. దాన్ని ఆకుకు చుట్టింది. "అయ్యా, మీ మోచేతి నుంచి వేలికొస దాకా ఈ దారం పెట్టి, మిగిలింది తెంపి, మీ మూర నాకు పంపండి" అని రాసింది.

"ఊరంతా ఉండగా మళ్ళీ ఆయన దగ్గరికేనా?" అంది పావురం.

"తిట్టినా సరే, నాకు జవాబు చెప్పినవాడు ఆయన ఒక్కడే" అంది నాంచారి.

మూడు రోజులకు దారం వచ్చింది. వెంట ఒక్క మాట లేదు. నాంచారి దాన్ని తన చేతి పక్కన పెట్టి చూసింది. నాలుగు వేళ్ళు ఎక్కువుంది.

ఒక్కతే అల్లింది. పోచ దూర్చి, లేచి, అటు తిరిగి వెళ్ళి, పలక కొట్టి, మళ్ళీ ఇటు రావాలి. ప్రతి పోచకూ అంతే. పది రోజుల పని ఇరవై రోజులైంది. దక్షిణాన మబ్బు కమ్ముతుండగా చాప పడవెక్కింది.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. పావురం కూడా రాలేదు. నాలుగో రోజు ఏటి మీద పడవ కనబడింది. నాంచారి గట్టు మీద నిలబడింది. ఊరి పెద్ద కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. చాప మళ్ళీ వచ్చే ఉంటుందని ఆమె చూపు నేల మీదే పెట్టుకుంది.

పడవ ఖాళీగా వచ్చింది.

ఊరి పెద్ద పడవలోకి ఒకసారి, మడుగు వైపు ఒకసారి చూసి, ఇంటికి నడిచాడు. మొదటి చినుకు పడింది. ఆ చినుకుల్లోనే పావురం వాలింది. కాళ్ళకు రెండు దారాలున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెండూ శెట్టి చేతివి కావు.

వాన పడితే ఉప్పు మళ్ళలో పనుండదు కదా. వారం గడిచాక, ఉప్పుకు పగిలిన పాదాలతో పేరమ్మ వచ్చింది. వచ్చి, మగ్గానికి అటువైపు కూర్చుని పలక అందుకుంది.

ఆ ఇద్దరూ మేడలు కట్టారా అని అడగకు బుజ్జీ. కట్టలేదు. మడుగు మాత్రం మిగిలింది.

హిమజా, నువ్వు నిద్రపోవడం లేదని నాకు తెలుసు. ఆ పొట్లం విప్పు. సంచితోపాటు లోపల చీటీ ఉండొచ్చు. నన్ను లేవనివ్వండి, సగం చింతపండుకు ఇంకా గింజలు తీయాలి, ఎండ పోతోంది. పోతూ పోతూ ఒక్క మాట: తిరిగొచ్చిన వస్తువును చూసి మనసు చచ్చిపోతే పోనీ, అది ఎందుకు తిరిగొచ్చిందో కనుక్కోవడం మాత్రం మానకూడదు.